తొంభై అయిదుకు మైకు పట్టిన దేవ్లా

మైకు దేవ్లా పేరు చెబితే సత్తుపల్లి చుట్టుపక్కల నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నవ్వుకోనివ్వండి. ఆ మనిషి నాకు పెట్టిన తలనొప్పికి నేను తప్ప ఇంకెవరూ సాక్షి లేరు కాబట్టి సంగతి నేనే చెప్పాలి. మా జోజమ్మకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని మా అమ్మ విశ్రాంతమ్మ నా గురించి మా చర్చి ఫాదరుగారి ముందే అనేది. ఆ రెండూ ఇందులో కనిపిస్తే మన్నించండి.

దేవ్లాది వేంసూరు అవతల ఒక తండా. ఒక రిక్షా, దాని నెత్తిన గొట్టం మైకు, కాళ్ల దగ్గర కారు బ్యాటరీ. సినిమా హాల్లో బొమ్మ మారినా, పశువుల సంత రోజు మారినా, టీకాలు వేసే నర్సమ్మ ఊళ్లోకి వస్తున్నా, ఎవరి మేకైనా తప్పిపోయినా ఊరూరా చెప్పేది ఆయనే. గొంతు గొప్పదేమీ కాదు, ఏడాది పొడుగునా జలుబు చేసినట్టుండేది. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక మొండి పద్ధతి. తాను చూడనిదాని గురించి మైకులో చెప్పడు. చూశాక, చూసింది చూసినట్టే చెబుతాడు.

కొత్త బొమ్మ వస్తే ముందుగా ఒక ఆట కూర్చుని చూసేవాడు. మర్నాడు రిక్షా కదిలేది. "పాటలు మంచిగున్నయ్. ఫైట్లు ఫరవాలేదు. ఇంటర్వెల్ తర్వాత జర నిద్రొస్తది. తెలివిగలోళ్లు దుప్పటి తెచ్చుకోండ్రి." ఇది విని హాలు యజమాని ఒంటికాలి మీద లేచాడు. ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. సగంమంది చంకలో నిజంగానే దుప్పట్లున్నాయి. ఇంటర్వెల్ తర్వాత వాళ్లు హాయిగా పడుకుని, ఆట బాగుందని చెప్పుకుంటూ ఇళ్లకు పోయారు.

ఎందుకు నిండిందంటే, మా వైపు జనం మైకు మాటను దూరం నుంచి విని ఊరుకోరు. రిక్షాను ఆపుతారు. "దేవ్లన్నా, నువ్ చూసినవా? పిల్లగాండ్లను తీస్కపోవచ్చునా?" అని అడుగుతారు. దేవ్లా మైకు ఆపి, కిందికి దిగి, అడిగినవాళ్లకు అడిగినట్టు జవాబు చెబుతాడు. గంటలో అయిపోయే ఊరికి ఆయనకు పూట పట్టేది.

తర్వాత క్యాసెట్టు వచ్చింది. ఖమ్మంలో ఎవరో బరువైన గొంతువాడితో చెప్పించి, వెనకాల వాయిద్యం పెట్టి, ఆటోకి కట్టి తిప్పడం. క్యాసెట్టు దుప్పటి తెచ్చుకోమనదు. ముందు సినిమా హాలు దేవ్లాను వదిలేసింది, తర్వాత సంతవాళ్లు. తొంభై అయిదు వచ్చేనాటికి ఆయనకు మిగిలింది ఒక్క సీతయ్యగారి పురుగుమందుల దుకాణం పనే.

సీతయ్యగారే నాకూ యజమాని. బస్టాండు దగ్గర కింద పురుగుమందులు, పైన కంప్యూటర్లు. రాబోయేది కంప్యూటర్ల కాలమని ఎవరో చెబితే, పై గదిలో విత్తనాల బస్తాలు తీయించి నాలుగు కంప్యూటర్లు పెట్టించాడు. ఖమ్మంలో డిప్లొమా చేసి బోనకల్‌లో ఖాళీగా కూర్చున్న నన్ను తెచ్చి పాఠాలు చెప్పమన్నాడు. కింది నుంచి మందు వాసన మెట్లెక్కి వచ్చి మాతోపాటు పాఠం వినేది. యంత్రానికి వైరస్ పట్టిందని నేను పైనుంచి అరిస్తే, "డబ్బా పంపమంటావా అమ్మా?" అని కింది నుంచి కేకేసేవాడు.

ఆ ఏడే విండోస్ 95 విడుదలైంది. పేపర్ల నిండా అదే గొడవ. మా దగ్గర అంత పేరు ఎవరూ పలకలేదు, తొంభై అయిదు అనేవారు. విజయవాడలో మాకు సరుకు పంపే డిస్ట్రిబ్యూటరు ఒక కబురు చేశాడు. సత్తుపల్లిలోనూ ప్రారంభోత్సవం జరపాలి, కనీసం వందమంది రావాలి, వస్తే మా సెంటరుకు వాళ్ల అధికారిక బోర్డు ఇస్తారు.

సీతయ్యగారికి ప్రారంభోత్సవమంటే తెలిసింది ఒక్కటే పద్ధతి, కొత్త పురుగుమందు వచ్చినప్పుడు చేసేది. టోపీలు కుట్టించాడు. మార్కెట్ యార్డు షెడ్డులో భోజనాలు పెట్టించాడు. కల్వర్టు గోడల మీద రాతలు రాయించాడు. రాసేవాడు అలవాటు కొద్దీ "తొంభై అయిదు వాడండి, అధిక దిగుబడి పొందండి" అని కల్లూరు దాకా రాసుకుంటూ పోయాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "దిగుబడి అంటే తప్పేముందమ్మా, ఎవరికి చేదు?" అన్నాడు ఆయన.

ప్రచారం మాత్రం క్యాసెట్టుకే ఇచ్చాడు. దేవ్లాను పిలిచి మొహం మీదే చెప్పాడు. "ఇది ఇంగ్లీషు సరుకు దేవ్లా, నీ నోటికి తిరగదు. ఈ క్యాసెట్టు గనక పనిచేస్తే వచ్చే పంట నుంచి మందులకూ అదే పెడతా. నువ్వింక వేరే పని చూసుకో."

"అవ్ సారు," అన్నాడు దేవ్లా. అంతే. తర్వాత వచ్చి మా మెట్ల మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్లిస్తే తాగి అన్నాడు. "సినిమా పాయె, సంత పాయె. ఇదొక్కటే ఉండె. యాభై రెండేండ్లకు పత్తి ఏరుడు నాకు కొత్తగ ఎవరు నేర్పిస్తరు మేడం?"

ఓదార్చడం నాకు చేతకాదు. పాఠానికి టైమైందని లేచి వెళ్లిపోయాను.

క్యాసెట్టు ఆటో వారం రోజులు తిరిగింది. నడిపింది జంపయ్య. "ప్రపంచం మీ ముంగిట్లోకి... కొత్త తరం... కొత్త అనుభూతి..." అంటూ పోతుంటే కల్లూరు దగ్గర ఆడవాళ్లు అలవాటుగా అడ్డం నిలబడ్డారు. "ఏందయ్యా అది? నువ్ చూసినవా?" అని అడిగారు. "నాకేం దెల్సు, నేను బండి నడుపుత," అన్నాడు జంపయ్య. వాళ్లు క్యాసెట్టు వైపు తిరిగి అడిగారు. అది ప్రపంచం గురించే చెప్పుకుంటూ పోయింది. పిలిస్తే పలకని దాని ఇంటికి మేమెందుకు వస్తామన్నట్టు మూతి తిప్పుకుని వాళ్లు పోయారు.

తండాలో ఇంకా ఘోరం. అక్కడికి ఎవరు ఏం చెప్పడానికి వచ్చినా ముందు తండాపెద్ద నాయక్ ఇంటి దగ్గర ఆగి, నీళ్లు తాగి, సంగతి ఆయన చెవిన వేశాకే నోరు విప్పాలి. ఆటో ఆగకుండా మోగుకుంటూ పోయేసరికి, రూప్‌సింగ్ నాయక్ దారికి అడ్డంగా నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. "ఎవరికి చెప్పి ఒర్లుతున్నవ్?" అన్నాడు. జంపయ్య ఆటోను వెనక్కి నడుపుకుంటూ తండా దాటాల్సి వచ్చింది.

ఆదివారం షెడ్డుకు వచ్చింది పదకొండుమంది. అందులో నలుగురు నా విద్యార్థులు, ముగ్గురు వంటవాళ్లు, ఒకడు జంపయ్య. మిగిలినవాళ్లు పచ్చపురుగుకు మందు అడగడానికి వచ్చారు. విజయవాడ నుంచి టై కట్టుకుని వచ్చిన ఆఫీసరు వాచీ చూసుకుని, చూసుకుని, చివరికి సాంబారు పోసుకుని తిన్నాడు. వచ్చే ఆదివారం ఇంకొక్క అవకాశం ఇస్తానని, అప్పుడూ ఇట్లాగే ఉంటే బోర్డు మధిరకు పోతుందని చెప్పి బస్సెక్కాడు. రెండు వందలమందికి వండిన అన్నం వీధివీధినా పంచలేక మేము పడ్డ అవస్థ ఇప్పుడు ఎందుకులెండి.

సోమవారం పొద్దున్నే దేవ్లాకు కబురు వెళ్లింది.

"ఈసారి నువ్వే చెప్పు," అన్నాడు సీతయ్యగారు, మొహం పక్కకు పెట్టుకుని. "జనం వస్తే మందుల పని నీకే ఉంటది."

"చెప్త సారు. నాకు ముందు చూపియ్యాలె."

"చూడడానికి అదేమన్నా బొమ్మా?"

"ఏదైతే ఏంది. మొదటికాణ్నుంచి ఆఖరుదాక చూడాలె."

ఆ పని నా నెత్తిన పడింది. చదువుకున్నవాళ్లకే చెప్పలేక చస్తుంటే ఇదొకటా అని కడుపు మండిపోయింది. దేవ్లా చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మూడు రోజులు అట్లాగే కూర్చున్నాడు.

తెర మీద ఇసుక గడియారం వచ్చింది. "ఇప్పుడేమైతుంది మేడం?" "ఆలోచిస్తోంది." దేవ్లా చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. ఒకసారి అది తిరుగుతుండగానే కిందికి వెళ్లి, చాయ్ తాగి, సీతయ్యగారితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చాడు. ఇంకా తిరుగుతూనే ఉంది. ఇది తొంభై అయిదు తప్పు కాదని, మా యంత్రం పాతది, దానికి జ్ఞాపకశక్తి తక్కువని చెప్పాను. "గదే చెప్త. సరుకు మంచిదే, సీతయ్య సారు డబ్బా పాతదని," అన్నాడు. వద్దని నేను చేతులు జోడించాను.

మౌసును కోడిపిల్లను పట్టినంత మెత్తగా పట్టుకునేవాడు. పారేసిన కాగితాన్ని చెత్తబుట్టలోంచి మళ్లీ తీయవచ్చని చూపిస్తే మనిషి కదిలిపోయాడు. నాతో అయిదుసార్లు పారేయించి, అయిదుసార్లు తీయించాడు. పేకముక్కల ఆట చూపించడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఒక మధ్యాహ్నమంతా అందులోనే పోయింది. "ఇంటర్వెల్ ఇదేనా మేడం?" అని ఆడుతూ ఆడుతూ అడిగాడు. చివర ఆపేటప్పుడు, ఇప్పుడు నన్ను ఆపినా ఫరవాలేదు అని తెర మీద వస్తుందే, దాని అర్థం చెబితే ఆ తెరకే దండం పెట్టాడు. "ఎంత మర్యాద మేడం! మన కరెంటోళ్లు ఒక్కనాడన్న చెప్పి తీసిండ్రా?"

"ఇంతకీ ఇది ఎప్పుడైపోతది?" అని అడిగాడు మూడో రోజు.

"అయిపోవడం ఉండదు దేవ్లా. మనకు కావలసినంతసేపు వాడుకోవచ్చు."

"మరి మనిషి లేచి ఇంటికి ఎప్పుడు పోవాలె?"

ఈ మాట నా విద్యార్థులెవరూ అంతవరకూ అడగలేదు. అప్పటికి నా కోపం ఎటు పోయిందో పోయింది. నాలుగో రోజు ఆయన రాకపోతే గది బోసిగా అనిపించింది. ఎందుకు రాలేదంటే రిక్షా కదిలింది.

కల్లూరు వెళ్లే బస్సులో కూర్చుని నేనే విన్నాను. "అందరికీ నమస్తే. తొంభై అయిదు అని వచ్చింది. నేను మూడు దినాలు కూసోని చూసిన. అది పంటకు కొట్టేది కాదు, గోడల మీది రాత నమ్మకుండ్రి. రాసింది దాస్తది. పారేసింది మళ్ల ఇస్తది. నడుమ ఇసుక గడియారం వస్తది, అప్పుడు గమ్మునుండాలె. నాకు సగం సమజ్ కాలె. కడమ సగం జోజమ్మ మేడం చెప్తది. ఆదివారం నేను గూడ వస్తున్న. వంకాయ కూర మంచిగ చేస్తరంట, అది మాత్రం నేను చూడలె." తండాలో నాయక్ ఇంటి ముందు ఆగి, నీళ్లు తాగి, ఇదంతా లంబాడీలో చెప్పాడట. జనం ఆపినచోటల్లా దిగి జవాబు చెప్పాడట. ఆదివారంలోగా సగం ఊళ్లే తిరగగలిగాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికే షెడ్డు నిండింది. ట్రాక్టర్ల మీద వచ్చారు, సైకిళ్ల మీద వచ్చారు, నాయక్ తన మంచం తెచ్చుకుని మరీ వచ్చాడు. టై ఆఫీసరు వంద దాకా తలలు ఎంచి, ఆ తర్వాత ఎంచడం మానేసి ఫొటోలు తీసుకున్నాడు. మందు పెట్టెలు పేర్చి వాటి మీద కంప్యూటరు పెట్టాము. జనం వరసలో వచ్చి చూసి పోతుంటే దేవ్లా మైకులో చెబుతున్నాడు. ఇసుక గడియారం రాగానే ఆయన చెయ్యెత్తాడు. అంత షెడ్డూ నిశ్శబ్దమైపోయింది. చంటిపిల్లల నోళ్లు కూడా తల్లులు మూశారు. గడియారం పోగానే చప్పట్లు.

అక్కడితో ఆగితే బాగుండేది. సీతయ్యగారు మైకు అందుకున్నాడు. జనాన్ని చూసి ఆయనకు పూనకం వచ్చింది. మిర్చి రేటు ఇది ముందే చెబుతుందన్నాడు. వాన ఎప్పుడు పడుతుందో చెబుతుందన్నాడు. ముడత తెగులు కూడా కనిపెడుతుందన్నాడు. నేను పక్కనుంచి చొక్కా లాగినంత పని చేశాను, వినలేదు.

అప్పుడు లాలు లేచాడు. తండాలో మిర్చి వేసే రైతు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. "మిర్చి రేటు ఎరుకైతదంటే నేను తీసుకుంట. ఎడ్లజత అమ్మి అయినా తీసుకుంట," అన్నాడు. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు. లాలు మాత్రం సీతయ్యగారిని చూడడం లేదు. "దేవ్లన్నా, నువ్ చూసినవ్ గద. నువ్ చెప్పు. తీసుకోమంటవా?"

సీతయ్యగారు మైకు దేవ్లా చేతిలో పెట్టి, కళ్లతోనే మందుల పని గుర్తు చేశాడు. ఆ చూపు నాకు అర్థమైంది, దేవ్లాకూ అర్థమైంది. అవును అని ఒక్క మాటంటే ఏడాది గడిచిపోతుంది. దేవ్లా గొంతు సవరించుకున్నాడు.

"తీసుకోకు లాలూ. ఇండ్ల మిర్చి రేటు నాకు ఎక్కడ కనబడలె. మనం రాసి పెట్టిందే ఇండ్ల ఉంటది. మన తండల కరెంటు ఉండేదే పావు వంతు. ఎడ్లు అమ్ముకుంటే దున్నుడు ఎట్ల? బడికి కావాలె ఇది, ఆఫీసుకు కావాలె. నీ బిడ్డ రూప్లి పదో తరగతి పాసైంది గద, నేర్చుకోనీకి ఈడికి పంపు. డబ్బా కొనకు."

సీతయ్యగారు మైకు లాక్కున్నాడు. అది కీచుమని అరిచింది. "రేపటి నుంచి నా దుకాణం మెట్లెక్కితే ఊరుకోను," అన్నది మైకులోనే అందరికీ వినబడింది. దేవ్లా వెళ్లి పంక్తిలో కూర్చున్నాడు. మొదటి ముద్ద తిని, ఇటూ అటూ చూసి, "వంకాయ కూర మంచిగున్నది, తినుండ్రి," అన్నాడు మైకు లేకుండానే.

నేను వెనక్కి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఏడ్చాను, దాచడమెందుకు. సీతయ్యగారి మీద కోపం సరే, దేవ్లా మీద కూడా వచ్చింది. ఒక్క మాట మింగేస్తే ఆ మనిషికి ఏం పోయేది?

ఆ రోజు ఒక్కరూ కంప్యూటరు కొనలేదు. నేర్చుకుంటామని మాత్రం నలభై ముగ్గురు పేర్లిచ్చారు, రూప్లి అందరికంటే ముందు. ఆఫీసరు తెచ్చిన ఫారాలు నేనే కూర్చుని నింపాను. చివర ఒక గడి ఉంది, ఈ సరుకు గురించి మీకు ఎలా తెలిసింది అని. దినపత్రిక, రేడియో, టీవీ, ఇతరములు. అడిగితే అందరూ "దేవ్లా చెప్పిండు" అన్నారు. నలభై మూడు ఫారాల్లోనూ ఇతరములు దగ్గర దేవ్లా అని రాశాను. అవి విజయవాడ పోయాయి. మాకు బోర్డు వచ్చింది.

దేవ్లా పత్తి ఏరడానికి పోతున్నాడని తెలిసింది. కూలి ఆడవాళ్లు తలా బస్తా నింపితే ఆయన సగం కూడా నింపలేడట. సీతయ్యగారు మందులకు క్యాసెట్టు చేయించాడు. తరగతి నిండుగా ఉన్నా నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు.

మూడు వారాలకు విజయవాడ నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. చదివి చెప్పమన్నాడు సీతయ్యగారు. నేను చదివాను. మీ ప్రాంతంలో స్పందన అంతా 'దేవ్లా' అనే ఒకే ప్రచార సాధనం ద్వారా వచ్చినట్టు గమనించాము, ఏ జిల్లాలోనూ ఏ పత్రికా ఇంత ఫలితం ఇవ్వలేదు, ఈ ఏడాదంతా మన ప్రకటనలు దేవ్లాలోనే వేయించండి, ఖర్చు మేమే భరిస్తాము, దాని వివరాలు ఈ ఫారంలో నింపి పంపండి.

"మళ్లీ చదువు," అన్నాడు సీతయ్యగారు. మళ్లీ చదివాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఇద్దరం జంపయ్య ఆటోలో పత్తిచేను దగ్గరికి వెళ్లాము. దేవ్లా నడుముకు గుడ్డసంచి కట్టుకుని వచ్చాడు. వేళ్లన్నీ గీసుకుపోయి ఉన్నాయి. సీతయ్యగారు ఆకాశం చూస్తూ అన్నాడు. "విజయవాడోళ్లు నీతోనే చెప్పించమంటున్నారు. ఏడాదంతా. మరి నీ ఇష్టం." క్షమాపణ ఆయన నోట వచ్చేది అంతవరకే.

నేను గట్టు మీద కూర్చుని ఫారం తీశాను. మాధ్యమం రకం: ఇతరములు. వెలువడే కాలం: రోజూ. చేరే ప్రాంతం: మూడు మండలాలు, తండాలతో సహా. పరిమాణం అని ఉంటే దేవ్లా ఎత్తు అడిగి రాశాను. ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే ఆయన నొసలు ముడిపడింది. సీతయ్యగారికి వినబడకుండా నా పక్కకు జరిగాడు.

"వాళ్లు నన్ను పేపరు అనుకుంటుండ్రా మేడం?"

"అవ్ దేవ్లా."

వేళ్లకు అంటిన పత్తి దులుపుకున్నాడు.

"అట్లయితే నేను మనిషినని రాయకు మేడం. ఎరుకైతే మళ్ల క్యాసెట్టు పంపిస్తరు."

ఇరవై రెండేళ్ల మైకు బతుకులో ఆ మనిషి ఒక నిజం దాచమని అడగడం అదే మొదటిసారి. నేను రాయలేదు.